బ్రెండా మిల్నర్

బ్రెండా మిల్నర్ (జననం: 1918 జూలై 15) ఇంగ్లండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన న్యూరోసైకాలజిస్టు. మూర్ఛ తగ్గడానికి మెదడుకు ఆపరేషన్ చేస్తే రోగి జ్ఞాపకశక్తి, మాట, ఆలోచన ఏమవుతాయన్నది ఆమె జీవితకాల పరిశోధన. పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు సాధారణంగా హెచ్.ఎం. అనే ఒకే రోగి పక్కన కనిపిస్తుంది. ఆ రోగిని చూడబోయేనాటికే ఆమె అసలు సంగతి చాలావరకు పసిగట్టారు.

తండ్రి శామ్యూల్ లాంగ్‌ఫర్డ్ మాంచెస్టర్ గార్డియన్ పత్రికలో సంగీత విమర్శకుడు. బ్రెండాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన చనిపోయారు. 1936లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో గణితం చదవడానికి చేరి, అందులో పెద్దగా రాణించలేనని తేల్చుకుని మనస్తత్వశాస్త్రానికి మారారు. యుద్ధకాలంలో పైలట్ల ఎంపిక పరీక్షల మీద, ఆ తర్వాత రాడార్ పరిశోధనలో పనిచేశారు. అక్కడ పరిచయమైన ఇంజనీరు పీటర్ మిల్నర్‌ను 1944లో పెళ్లి చేసుకుని, ఆయన ఉద్యోగరీత్యా మాంట్రియల్ వెళ్లారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ దగ్గర పీహెచ్‌డీకి చేరారు. 1950లో హెబ్ ఆమెను మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ రోగులను పరీక్షించడానికి పంపారు.

పెన్‌ఫీల్డ్ తలకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే మెదడు తెరిచేవారు. సన్నని విద్యుత్ ప్రవాహంతో మాటకు, కదలికకు సంబంధించిన చోట్లు గుర్తించి, మూర్ఛ పుడుతున్న భాగాన్ని కోసి తీసేవారు. చాలామందిలో అది కణత వెనుక ఉండే టెంపోరల్ లోబ్. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పరీక్షలు పెట్టి తేడా రాసుకోవడం మిల్నర్ పని. పైకి గుమాస్తా పనిలా కనిపించే ఈ కొలతల్లోనే ఒక క్రమం తేలింది. ఎడమ టెంపోరల్ లోబ్ తీసినవారు విన్న కథను, పదాల జతలను గుర్తుంచుకోలేకపోయారు. కుడివైపు తీసినవారికి ముఖాలు, బొమ్మలు, రాగాల దగ్గర ఇబ్బంది వచ్చింది.

ఒకవైపు మాత్రమే ఆపరేషన్ అయిన ఇద్దరు రోగులు ఈ లెక్కకు అందలేదు. ఒకరు ఇంజనీరు, మరొకరు చేతి తొడుగులు కత్తిరించే పనివాడు. తెలివితేటలు చెక్కుచెదరలేదు కానీ కొత్త విషయమేదీ వారి మనసులో నిలవడం లేదు. రెండోవైపు టెంపోరల్ లోబ్ లోపలి భాగమైన హిప్పోకాంపస్ కూడా ఎప్పుడో దెబ్బతిని ఉండాలనీ, మిగిలిన ఒక్కదాన్ని ఆపరేషన్ తీసేసిందనీ మిల్నర్, పెన్‌ఫీల్డ్ ఊహించారు. ఇంజనీరు మరణించాక జరిగిన శవపరీక్ష ఆ ఊహను బలపరిచింది.

1955లో వారు ఈ ఊహను వెల్లడించగా, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నుంచి విలియం స్కోవిల్ అనే సర్జన్ స్పందించారు. 1953లో ఆయన 27 ఏళ్ల యువకుడికి రెండువైపులా హిప్పోకాంపస్ భాగాలు తొలగించారు. అతడే హెచ్.ఎం.; హెన్రీ మొలైసన్ అనే అసలు పేరు 2008లో మరణించాకే బయటికొచ్చింది. మిల్నర్ రాత్రి రైలెక్కి హార్ట్‌ఫర్డ్ వెళ్లి అతణ్ని పరీక్షించేవారు. ఐక్యూ 112, జ్ఞాపకశక్తి సూచీ 67. ఒకసారి 584 అనే సంఖ్య గుర్తుంచుకోమంటే, అంకెల కూడికలు తీసివేతలు మనసులో తిప్పుకుంటూ పావుగంట నిలుపుకున్నాడు. ధ్యాస మళ్లగానే సంఖ్యే కాదు, అలాంటిదొకటి అడిగారన్న సంగతీ పోయింది.

అయితే అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం అంచుల మధ్య గీత గీయమంటే, మూడు రోజుల్లో అతని చేయి తిరిగింది. ఆ పని అంతకుముందు చేసినట్టు మాత్రం అతనికి తెలియదు. సంఘటనల జ్ఞాపకం వేరు, చేతి అలవాటు వేరు అనడానికి ఇంతకంటే సూటి రుజువు దొరకదు. స్కోవిల్‌తో కలిసి ఆమె రాసిన 1957 నాటి వ్యాసం జ్ఞాపకశక్తి పరిశోధన దిశనే మార్చింది. రోగులకు వెంటనే దక్కిన మేలు వేరు: రెండువైపులా తొలగించే ఆ ఆపరేషన్ ఆగిపోయింది.

ఇక ఒకవైపు తీసినా ప్రమాదమేనా అన్నది ముందే తెలియాలి. జున్ వాడా ప్రవేశపెట్టిన పరీక్షలో మెడ ధమనిలోకి సోడియం అమైటాల్ ఎక్కించి, మెదడులో ఒక సగాన్ని కొద్ది నిమిషాలు నిద్రపుచ్చుతారు. పైకెత్తి ఉంచిన రెండు చేతుల్లో ఎదుటివైపుది వాలిపోతుంది. మాట ఆవైపు ఉంటే లెక్కపెడుతున్న గొంతు ఆగుతుంది. మొదట మాట ఎటువైపుందో తెలుసుకోవడానికే వాడిన దీనికి మిల్నర్ బృందం జ్ఞాపక పరీక్షను జోడించింది. ఆ సమయంలో చూపిన బొమ్మలను రోగి తర్వాత గుర్తుపట్టలేకపోతే, మేల్కొని ఉన్న సగం జ్ఞాపకానికి చాలదన్నమాట. నా దృష్టిలో హెచ్.ఎం. వ్యాసం కన్నా ఆపరేషన్ బల్లమీది మనిషికి ఎక్కువ పనికొచ్చింది ఇదే.

1963లో, కార్డులు పేర్చే నియమాన్ని మధ్యలో మార్చే విస్కాన్సిన్ కార్డుల పరీక్షతో మెదడు ముందుభాగమైన ఫ్రాంటల్ లోబ్ గురించీ ముఖ్యమైన విషయం చూపారు. ఆ భాగం తీసినవారు నియమం మారిందని తెలిసినా పాత పద్ధతిలోనే కార్డులు పేర్చుతూ పోయారు. సుజాన్ కార్కిన్, మైఖేల్ పెట్రిడెస్ ఆమె శిష్యులు. 1979లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 2009లో బాల్జాన్ బహుమతి, 2014లో కావ్లీ బహుమతి లభించాయి.

ఇప్పుడు చాలాచోట్ల ఫంక్షనల్ ఎమ్మారై అమైటాల్ పరీక్ష స్థానాన్ని తీసుకుంటోంది. మూర్ఛ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా జ్ఞాపకశక్తిని కొలిచే పద్ధతి మాత్రం అలాగే కొనసాగుతోంది.