ఓడినవారి పుట: స్ప్లటూన్ ఆటల తారతమ్య విచారం

యుద్ధచరిత్ర బోధించే ఉపాధ్యాయునికి ప్రతి సంవత్సరం ఒక చిక్కు ఎదురవుతుంది. గెలిచినవాడు శాసనం వేయిస్తాడు, గుడి కట్టిస్తాడు, ఆస్థానకవి చేత వంశావళి చెప్పిస్తాడు. ఓడినవాడు ఆ శాసనంలోనే ఒకటి రెండు నిందావిశేషణాలతో మిగులుతాడు. అతడు ఎందుకు కత్తి పట్టాడు, ఓడిన తరువాత ఎక్కడ తలదాచుకున్నాడు, అతని సంతతి ఏమైంది అని తరగతిలో ఏ బుద్ధిమంతుడైన విద్యార్థి అయినా లేచి అడిగితే, చూపడానికి మన దగ్గర పుట ఉండదు.

ఉద్యోగవిరమణ తరువాత ఆ పుటను నేను అనుకోని చోట చూశాను. అది స్ప్లటూన్ అనే జపాను దేశపు వీడియో ఆటల పరంపర. మనవల మూలంగా పరిచయమై, వారి కంటె నాకే ఎక్కువ వ్యసనమైనది. ఈ పరంపరను మెచ్చేవారు తమ తమ రుచిని బట్టి ఆటలకు స్థానాలు కట్టడం పరిపాటి. కొందరు ఆయుధాల వైవిధ్యం చూస్తారు, కొందరు సంగీతం చూస్తారు. ఓడినవారిని ఏ ఆట ఎంత దూరం చూడగలిగింది అన్నది నా కొలబద్ద. ఆ కొలబద్దతో ఐదు కృతులను తూచే ముందు, ఈ ఆట తెలియని పాఠకుల కోసం దాని స్వరూపం కొంత చెప్పాలి.

దీనిని నిర్మించినది నింటెండో. 1889లో క్యోటో నగరంలో పూలబొమ్మల పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన సంస్థ అది. 2013 ప్రాంతంలో అక్కడి యువబృందం ఒక నమూనా సిద్ధం చేసింది. అందులో పాత్రలు తోఫు ముక్కల వంటి తెల్లని దిమ్మెలు మాత్రమే. అవి సిరా చిమ్ముకుంటూ నేలను ఆక్రమించేవి. తరువాత ఆ దిమ్మెలను కుందేళ్ళుగా మార్చాలని ఆలోచించారు. చివరకు స్క్విడ్ అనే సముద్రజీవి దగ్గర నిలిచారు. సిరా చిమ్మడం ఆ జీవికి సహజగుణం కనుక కల్పనకు యుక్తి కూడా సమకూరింది. నిర్మాత హిసాషి నొగామి. 2014 జూన్‌లో లోకానికి ప్రకటించి, 2015 మే నెలాఖరులో వీ యూ అనే యంత్రంపై విడుదల చేశారు.

ఆట నియమం బహుసరళం. ఇరుపక్షాలలో నలుగురేసి ఉంటారు. వ్యవధి మూడు నిమిషాలు. ఎవరి రంగు ఎక్కువ నేలను కప్పితే వారిదే గెలుపు. ఇంక్లింగు అనే పాత్ర మనిషి రూపంలో సిరా చల్లుతుంది, స్క్విడ్ రూపంలో తన రంగులో మునిగి వేగంగా ఈదుతుంది. ఎదుటివారి రంగులో అడుగు పెడితే కాళ్ళు కూరుకుపోతాయి. సిరా దెబ్బ తిన్నవాడు చావడు, బయలుదేరిన చోటికి చేరి మళ్ళీ వస్తాడు. వ్యవధి ముగియగానే జడ్ అనే పిల్లి నేలను పరికించి గెలిచిన పక్షపు జెండా ఎత్తుతుంది. ఎందరిని పడగొట్టావన్న లెక్క ఆ పిల్లికి పట్టదు. గురి కుదరని నావంటి వృద్ధుడు కూడా ఒక మూల నిలబడి శ్రద్ధగా నేలకు రంగు వేస్తే పక్షం గెలుపులో భాగస్వామి కావచ్చు.

ఇక ఇతివృత్తం. సముద్రమట్టం పెరిగి మానవజాతి నశించింది. పన్నెండు వేల ఏండ్ల తరువాత సముద్రజీవులు నేల మీద నాగరికత నిర్మించుకున్నాయి. కథాకాలానికి నూరేండ్ల ముందు మళ్ళీ నీరు పెరిగి నేల తరిగింది. మిగిలిన నేల కోసం స్క్విడ్ జాతికి, ఆక్టోపస్ జాతికి మహాసంగ్రామం జరిగింది. స్క్విడ్‌లు గెలిచి నగరం కట్టుకున్నాయి. ఆక్టోపస్‌లు భూగర్భంలోని గుమ్మటాల కిందికి వెళ్ళిపోయాయి. పిల్లల ఆటకు పునాదిగా వేసినది ఎంత బరువైన రాయో గమనించండి: తరిగిపోయే నేల, దాని కోసం యుద్ధం, ఓడి వలసపోయిన జాతి.

ఇప్పుడు స్థానాలు. కింది నుండి పైకి చెబుతాను.

ఐదవ స్థానం 2017 జూలైలో స్విచ్ యంత్రంపై వచ్చిన రెండవ ఆటది. పోటీ ఆటగా అది మొదటిదాని కంటె నిండైనది. సామన్ చేపల దండును నలుగురు కలిసి ఎదుర్కొనే కొత్త విభాగం అందులో చేరింది. కోటీ ముప్పై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అయితే ప్రధానకథలో ఆక్టోపస్‌లు మళ్ళీ దొంగలే, నగరానికి విద్యుత్తునిచ్చే చేపను మళ్ళీ ఎత్తుకుపోతారు. ప్రతినాయకుని గుణం మారనప్పుడు కథ పునరుక్తి అవుతుంది.

ఆ కథలో నన్ను ఆపిన అంశం కాలీ వృత్తాంతం. మొదటి ఆటలో కాలీ, మారీ అనే ఇద్దరు గాయనులు ఉండేవారు. జపాను భాషలో వారి పేర్లు అఓరి, హోతారు, రెండూ స్క్విడ్ రకాల పేర్లే. వారి జంటకు ఉన్న జపాను పేరు కూడా షియొకారా అనే వంటకం నుండి వచ్చింది. స్క్విడ్‌ను ఉప్పులో ఊరవేసి చేసే నిల్వపచ్చడి వంటిది అది. ఈ పరంపరలో అప్పుడప్పుడు ఉత్సవాలు జరిపి, రెండు పక్షాలు ప్రకటించి, ఆటగాళ్ళను ఏదో ఒక వైపు నిలవమంటారు. 2016 జూలైలో జరిగిన ఆఖరి ఉత్సవంలో కాలీ పక్షమా, మారీ పక్షమా అని అడిగారు. మారీ గెలిచింది. రెండవ ఆట ఆ ఫలితాన్ని కథలోకి తీసుకున్నది. ఓడిన కాలీ కుంగిపోయి, దూరమై, శత్రువుల వశీకరణలో చిక్కుతుంది, మారీ ఆమెను వెదకబోతుంది. జనం వినోదంగా వేసిన ఓటుకు అవతల ఒక ఓడినవ్యక్తి ఉన్నదని గుర్తుచేసినందుకు ఈ ఆటకు నా నమస్కారం. ఆక్టోపస్‌ల విషయంలో మాత్రం అది ఆ చూపు చూపలేదు.

నాలుగవ స్థానం 2022 సెప్టెంబరు 9న వచ్చిన మూడవ ఆటకు. జపానులో మొదటి మూడు రోజులలోనే 34 లక్షల 50 వేల ప్రతులు పోయాయి. 2019 జూలైలో రెండవ ఆట ముగింపు ఉత్సవం అవ్యవస్థకు, వ్యవస్థకు మధ్య జరిగి అవ్యవస్థ గెలిచింది. అందుకు తగినట్టే ఈ ఆట ఎడారిలోని ఇరుకు వీధుల నగరంలో నడుస్తుంది. దీని కథలో నాకు నచ్చిన ఘట్టం మొదట్లోనే ఉన్నది. విద్యుత్తు చేప పోగానే అందరూ అలవాటు కొద్దీ ఆక్టోపస్ నాయకుడు ఆక్టేవియోను అనుమానిస్తారు. తీరా చూస్తే అతడే తన జనం మాయమైపోయి వెదుకులాటలో ఉన్నాడు. పాతశత్రువు మీద అనుమానం ఎంత సులభంగా పుడుతుందో చూపిన మంచి ఘట్టం ఇది. అయితే కథ అక్కడ ఆగక నశించిన మానవుల వైపు మళ్ళిపోయింది, ఆ సూత్రం సగంలో తెగింది.

మూడవ స్థానం 2024 ఫిబ్రవరిలో ఈ మూడవ ఆటకు అనుబంధంగా వచ్చిన సైడ్ ఆర్డర్‌కు. ఉత్సవంలో ఓడిన వ్యవస్థ పక్షానికి దక్కిన కథ ఇది. రంగులు వెలిసిపోయి, అంతా తెల్లగా, క్రమబద్ధంగా ఉన్న నగరం, దాని మధ్య ఒక గోపురం. ఒక్కొక్క అంతస్తూ ఎక్కాలి, పడితే మొదటికి రావాలి. ఆ లోకాన్ని సృష్టించినది మరీనా అనే ఆక్టోలింగ్ వనిత, మనసులు తుడిచివేయబడిన తన జాతివారిని బాగుచేయాలన్న సదుద్దేశంతో. అది ఆమె చేయి దాటిపోయింది. ఓడిన పక్షం చెప్పేదంతా సత్యమని ఈ కృతి అనదు. మార్పు వద్దనుకునే మనసులో కూడా ఒక భయం, ఒక గాయం ఉంటాయని చెబుతుంది.

రెండవ స్థానం మొదటి ఆటదే. అది పుట్టిన యంత్రమే ఓడిన యంత్రం. వీ యూ మొత్తం అమ్మకాలు 1 కోటి 35 లక్షల చిల్లర మాత్రమే, ఆ సంస్థ చరిత్రలో పెద్ద వైఫల్యాలలో ఒకటి. చేతిలోని రెండవ తెరపై యుద్ధభూమి పటం కనిపిస్తుంటే, మిత్రుని గుర్తు మీద వేలు పెట్టి అతని దగ్గరకు ఎగిరే సౌకర్యం ఆ యంత్రానికే ప్రత్యేకం. పైపైన చూస్తే ఈ ఆట కథ పూర్తిగా విజేతల కథ: ఆక్టోపస్‌లు దొంగలు, మనం వీరులం. అయితే నిర్మాతలు ఆ కథ కిందనే వేరొక చరిత్రను దాచారు. దారిలో అక్కడక్కడ దొరికే పాత చుట్టలు విప్పి చదివితే, భూగర్భంలో విద్యుత్తు కొరతతో ఆ గుమ్మటాలు పాడైపోతున్నాయని తెలుస్తుంది. దొంగతనానికి కారణం ఆకలి వంటి అవసరమన్నమాట. శాసనంలో లేని మాట తవ్వకాలలో దొరికిన పెంకు మీద కనిపించినట్టు ఉంటుంది.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ ఆట ఆఖరి ఘట్టం. ఆక్టేవియోతో పోరు నడుస్తుండగా కాలీ, మారీ తమ పాట అందుకుంటారు. ఆ పాట ఏ మానవభాషలోనూ లేదు, ధ్వనులతో అల్లిన కల్పితభాష అది. అప్పటికి అది మన పక్షానికి ఉత్సాహమిచ్చే గీతమని మాత్రమే అనుకుంటాము. అదే పాటను అవతలి పక్షం సైనికులు కూడా విన్నారన్న సంగతి తరువాత తెలుస్తుంది.

ప్రథమ స్థానం 2018 జూన్‌లో రెండవ ఆటకు అనుబంధంగా వచ్చిన ఆక్టో ఎక్స్‌పాన్షన్‌కు ఇస్తున్నాను. ఇందులో కథానాయిక లేక కథానాయకుడు (ఎంపిక మనదే) ఆక్టోలింగ్. మూడేండ్లుగా మనం సిరా కొట్టి తరిమిన జాతికి చెందిన ఒక సైనికుడు. గతం మరచి, సముద్రగర్భపు రైల్వేలో కళ్ళు తెరుస్తాడు. ఆ పాట విన్న నాటి నుండి అతని మనసులో పైలోకపు కోరిక నాటుకున్నది. పైకి వెళ్ళడానికి ఎనభై పరీక్షలున్నాయి. గెలిచిన ప్రతి పరీక్షకు పోయిన జ్ఞాపకం ఒకటి చిన్న పద్యంతో కూడి తిరిగి వస్తుంది. జ్ఞాపకం పద్యరూపంలో తిరిగిరావడం తెలుగు పండితునికి ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కర లేదు.

అతనికి తోడు నిలిచేది ఎవరు? మహాసంగ్రామంలో అతని జాతితోనే పోరాడిన వృద్ధసేనాని కటిల్‌ఫిష్. పైనుండి మాటసాయం చేసేవారు పెర్ల్, మరీనా అనే గాయనులు. మరీనా కూడా ఆక్టోపస్‌ల సైన్యంలో యంత్రనిపుణురాలిగా పనిచేసి, ఆ పాటే విని బయటపడినది. విజేతల నగరంలో ఇప్పుడు ఆమె అందరూ మెచ్చే గాయని. అసలు శత్రువు మానవుడు వేల ఏండ్ల కిందట విడిచిపోయిన యంత్రబుద్ధి. తన జ్ఞానానికి తగిన వారసులెవరో తానే తీర్పు చెప్పగలనన్న అహంకారం దానిది. దాని ముందు స్క్విడ్, ఆక్టోపస్ భేదం లేదు, రెండు జాతులూ అయోగ్యమే. నూరేండ్ల పగ అక్కడ చిన్నదైపోతుంది.

ఈ కృతి పూర్తిచేసిన ఆటగానికి దక్కే బహుమానం కూడా కథకు తగినదే. ఇక మీదట పోటీలలో ఆక్టోలింగ్ రూపంలో ఆడవచ్చు. ఓడిన జాతి నగరంలో అడుగుపెట్టే హక్కు కథ చివర ఒక వాక్యంతో ఇచ్చి సరిపెట్టలేదు, ఆటగాడు తన శ్రమతో సంపాదించాడు. ఈ ఒక్క కారణానికే దీనికి ప్రథమ తాంబూలం.

రెండవ స్థానంలో నిలిపిన మొదటి ఆట గురించి మరొక మాట చెప్పవలసి ఉన్నది. వీ యూ యంత్రానికి నింటెండో అంతర్జాల సేవలను 2024 ఏప్రిల్‌లో ఆపివేసింది. ఇంటిలో యంత్రం ఉన్నా, పళ్ళెం ఉన్నా, ఒంటరి కథాభాగం నడుస్తుంది గాని నలుగురితో నలుగురు తలపడే ఆ పాత ప్రాంగణం అధికారికంగా తెరుచుకోదు. ఎనిమిది మంది ఒకేసారి వచ్చి నిలబడితే తప్ప ప్రాణం పోసుకోని కళ అది. నట్టువాంగం లేక నిలిచిపోయిన నాట్యం వలె, వ్రాతప్రతి ఉన్నా ప్రయోగం లేదు. అదే ఏడాది సెప్టెంబరులో మూడవ ఆట మహోత్సవం జరిగింది. గతం, వర్తమానం, భవిష్యత్తు అని మూడు పక్షాలు పెట్టారు. గతం గెలిచింది. గతం పక్షానికి ప్రతినిధులు కాలీ, మారీలే. ఎనిమిదేండ్ల కిందట ఒకరి మీద ఒకరిని నిలబెట్టిన ఆ ఇద్దరు ఈసారి ఒకే జెండా కింద పాడారు.

కొత్తగా మూడవ ఆట ప్రారంభించేవారిని యంత్రం మొదటనే అడుగుతుంది: నీవు స్క్విడ్‌వా, ఆక్టోపస్‌వా? మా చిన్న మనవరాలు ఒక క్షణమైనా ఆలోచించకుండా ఆక్టోపస్‌ను ఎంచుకున్నది. కారణం అడిగితే జుట్టు బాగుందన్నది. మహాసంగ్రామం మాట ఆమెకు తెలియదు. పెద్దయ్యాక అడిగితే చెబుతాను, రెండు వైపులా చెబుతాను.