పల్లె బడికి స్థలం: భూసేకరణ చట్టంలోని జాప్యం
ఆంధ్ర ప్రాంతపు పల్లెల్లో ప్రాథమిక పాఠశాల భవనానికి అనువైన పోరంబోకు భూమి లేనప్పుడు పట్టా భూమిని సేకరించవలసి వచ్చేది. అందులోని జాప్యాన్ని రెవిన్యూ సిబ్బంది అలసత్వంగా మాత్రమే చూడటం చాలదు. దాని మూలం 1894 నాటి భూసేకరణ చట్టంలోనూ ఉంది. నాలుగవ సెక్షను ప్రకటన నాటి మార్కెట్ ధరే నష్టపరిహారానికి ఆధారంగా ఉండేది. అవార్డును ఎన్నాళ్లలో ప్రకటించాలో మాత్రం 1984 వరకు ఆ చట్టం చెప్పలేదు. ఈలోగా భూముల ధరలు పెరిగినా రైతుకు లెక్కగట్టేది పాత ధరే. అటువంటి రైతు అభ్యంతరాన్ని స్వార్థమనడం న్యాయం కాదు. బడి మాత్రం చావడిలోనో, చెట్టు కిందనో సాగేది. 1984 సవరణ సొలేషియాన్ని 15 నుండి 30 శాతానికి పెంచింది. తుది ప్రకటన తరువాత రెండేళ్లలో అవార్డు రాకపోతే సేకరణ ప్రక్రియ రద్దవుతుందన్నది. అలా రద్దయిన చోట నాలుగవ సెక్షను ప్రకటనతో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది.