కొటేషన్‌లో లేని వరుస: పటమట గేమింగ్ కంప్యూటర్ల కూర్పులో పవర్ సప్లై చరిత్ర

తెలుగునాట కంప్యూటర్ చరిత్ర అనగానే 1998లో హైదరాబాదులో ప్రారంభమైన సైబర్ టవర్స్, సాఫ్ట్‌వేర్ ఎగుమతులు, అమెరికా వలసలు ప్రస్తావనకు వస్తాయి. విడిభాగాలు కొని ఇంట్లో కూర్చుకొన్న కంప్యూటరుకు ఆ చరిత్రలో చోటు దక్కలేదు. అది ఆటల కోసం కూర్చుకొన్నదైతే చెప్పనే అక్కరలేదు. చదువు చెడగొట్టే వస్తువుగా తప్ప దానికి గుర్తింపు లేదు. మొదటిసారి గేమింగ్ కంప్యూటరు కూర్చుకొనేవారు విడిభాగాలను ఎంచుకొనే తీరు ఎలా మారిందో విజయవాడలోని పటమటను కేంద్రంగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాసెసర్ల తరాలను బట్టి ఈ చరిత్రను చెప్పడం పరిపాటి. అయితే ఎంపికలో అసలైన మార్పు పవర్ సప్లై విషయంలో, అంగడి భాషలో చెప్పాలంటే ఎస్.ఎం.పి.ఎస్. విషయంలో, వచ్చిందని నా వాదన.

పటమటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. దానికి ఆనుకొని 1960ల నాటి జవహర్ ఆటోనగర్ ఉంది. కంపెనీ నుంచి చాసిస్‌గా వచ్చిన లారీకి ఇక్కడ బాడీ కడతారు. ఏ సరుకు మోయాలి, ఏ దారిలో నడవాలి అన్నదాన్ని బట్టి చెక్క, ఇనుము, పట్టీలు నిర్ణయమవుతాయి. మరోవైపు కానూరులో 1977 నుంచి వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అంటే విడిభాగాలతో యంత్రాన్ని కూర్చడం వింతగా తోచని పరిసరమూ, కంప్యూటరు అవసరమైన విద్యార్థులూ ఒకేచోట ఉన్నారు. ఆటోనగర్ మేస్త్రీలే కంప్యూటర్లు కూర్చారని దీని అర్థం కాదు. బండికి కావలసింది ఇంజను ఒక్కటే కాదు, బరువు మోసే పట్టీలు కూడా అన్న ఎరుక కంప్యూటరు విషయంలో ఆలస్యంగా వచ్చిందని చెప్పడానికే ఈ పోలిక.

1. కొటేషన్ ఒక చారిత్రక ఆధారం

భారతదేశం 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి కంప్యూటరు భాగాలపై దిగుమతి సుంకాన్ని సున్నాకు తెచ్చింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి అంగళ్ల విస్తరణ ఆ కాలానిదే. బ్రాండెడ్ యంత్రం కన్నా ‘అసెంబుల్డ్’ యంత్రం చవక కావడంతో మధ్యతరగతి ఇంటికి చేరింది అదే. ఆ కొనుగోలుకు మూల పత్రం దుకాణదారుడు రాసిచ్చే కొటేషన్.

ఆనాటి కొటేషన్ వరుసక్రమమే ఎన్నో విషయాలు చెబుతుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, మానిటర్, చివర ‘కేబినెట్ విత్ ఎస్.ఎం.పి.ఎస్.’. పవర్ సప్లైకి విడిగా వరుస లేదు, విడిగా ధర లేదు, తయారీదారు పేరూ లేదు. కేబినెట్ రంగు మాత్రం కొనేవాడే ఎంచుకొనేవాడు! గ్రాఫిక్స్ కార్డు వరుస ఉన్నా బేరంలో మొదట కొట్టివేతకు గురయ్యేది అదే. ప్రాసెసరునూ ర్యామునూ ‘చదువు కోసం’ అని తండ్రికి చెప్పవచ్చు. గ్రాఫిక్స్ కార్డును సమర్థించుకోవడం కష్టం. మెకానికల్ విద్యార్థికైతే ఆటోక్యాడ్ ఒక సాకుగా ఉండేది. ఎవరూ అడగని, ఎవరికీ వివరించనక్కరలేని ఎస్.ఎం.పి.ఎస్. దగ్గరే ధర తగ్గించడం దుకాణదారుడికి సులువు.

మొదట్లో దీనివల్ల పెద్ద నష్టం కలగలేదు. 1998 నాటి రివా టి.ఎన్.టి., 1999 నాటి జీఫోర్స్ 256 వంటి కార్డులు తమకు కావలసిన విద్యుత్తును మదర్‌బోర్డు స్లాటు నుంచే తీసుకొనేవి. 2000 సంవత్సరం చివర వచ్చిన పెంటియం 4తో పరిస్థితి మారింది. అప్పటివరకు భారం ప్రధానంగా 5, 3.3 వోల్టుల తీగల మీద ఉండేది. పెంటియం 4 దానిని 12 వోల్టుల తీగ మీదికి మార్చి, నాలుగు పిన్నుల ప్రత్యేక కనెక్టరును కోరింది. అయినా అంగట్లో ‘450 వాట్లు’ అన్న చీటీ చూసి కొనడమే కొనసాగింది. ఆ అంకెలో 12 వోల్టుల వాటా ఎంత అన్నదే అసలు ప్రశ్న.

2. డెబ్బై అయిదు వాట్ల గీత

2004లో వాడుకలోకి వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించితే ఎస్.ఎం.పి.ఎస్. నుంచి నేరుగా తీగ కావాలి. 2007లో వచ్చిన 8800 జి.టి.కి ఆరు పిన్నుల తీగ అవసరమైంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన పెట్టెలో ఆ తీగ సాధారణంగా ఉండేది కాదు. హార్డ్ డిస్కు తీగలను కలిపే కన్వర్టరుతో పని గడుపుకొన్నారు. ఆట మధ్యలో యంత్రం ఆగిపోతే కార్డునో ఆటనో అనుమానించారు. రక్షణ వలయాలు సరిగా లేని ఎస్.ఎం.పి.ఎస్. కాలినప్పుడు మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోయేది. ఏడాది కూడబెట్టిన డబ్బు ఒక్క పూటలో పోయేది.

ఈ దృష్టితో చూస్తే 2016 అక్టోబరులో వచ్చిన జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. మన దేశంలో అంతగా ఆదరణ పొందడానికి కారణం వేగం ఒక్కటే కాదు. దాని అవసరం 75 వాట్లే. చాలా నమూనాలకు అదనపు తీగ అక్కరలేదు. ‘చదువు కోసం’ కొన్న పాత పెట్టెలోనే అది ఇమిడిపోయింది. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060 అవసరం 170 వాట్లు. దానికి 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీదారే సూచించాడు. ఇక దాటవేయడం కుదరదు.

3. కృష్ణాతీరపు ఎండ, కోతల కరెంటు

విదేశీ సమీక్షలను యథాతథంగా అనుసరించడంలోని లోపం ఇక్కడ తెలుస్తుంది. 2004లో మొదలైన ‘80 ప్లస్’ ముద్ర ఎంత విద్యుత్తు వృథా కాకుండా అందుతుందో చెబుతుంది. రక్షణ వలయాల గురించి ఏమీ చెప్పదు. పైగా ఆ పరీక్ష సుమారు 23 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో జరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే విజయవాడలో, ఏ.సి. లేని గదిలో, మూసిన కేబినెట్ లోపలి గాలి ఇంకెంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. అందుకే సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర లెక్కించారా, 40 లేదా 50 డిగ్రీల దగ్గరా అన్నది ఇక్కడి కొనుగోలుదారుడికి బంగారు ముద్ర కన్నా ముఖ్యం.

కరెంటు కోతలదీ ఇదే కథ. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ విరామ దినాలు విధించిన రోజుల్లో ఇళ్లకూ కోతలు తప్పలేదు. 600 వి.ఏ. యు.పి.ఎస్. సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు. ఆఫీసు పనికి అది చాలు. 3060 కార్డు, 65 వాట్ల తరగతి ప్రాసెసరు, మానిటరు కలిసి ఆట సాగుతున్నప్పుడు ఆ హద్దు దగ్గరికి వస్తాయి. అప్పుడు కరెంటు పోతే యు.పి.ఎస్. కూడా చేతులెత్తేయవచ్చు. కాబట్టి పటమటలో విడిభాగాల ఎంపిక కేబినెట్ దగ్గర ఆగదు, గోడలోని ప్లగ్గు దాకా సాగుతుంది.

నేటి కొటేషన్‌లో ఎస్.ఎం.పి.ఎస్.కు సొంత వరుస ఉంది. తయారీదారు పేరు, వారంటీ ఏళ్లు రాసి ఉంటాయి. మేలురకాలకు ఏడేళ్లు, పదేళ్లు కూడా ఇస్తున్నారు. 2020-21 నాటి గ్రాఫిక్స్ కార్డుల కొరతలో పాత కార్డులు చేతులు మారాయి, ప్రాసెసరు మారితే మదర్‌బోర్డూ మారుతుంది. పాత కేబినెట్ నుంచి విప్పి కొత్తదానిలో బిగించుకొనే భాగం ఇప్పుడు ఒకప్పుడు పేరైనా లేని ఆ పెట్టెయే.