శాసనమును వంటయిల్లును

హిందూ వితంతువు మరల వివాహమాడుట చట్టసమ్మతమని ప్రకటించిన 15 వ శాసనము 1856 వ సంవత్సరము జూలై నెలలో పుట్టెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహము 1881 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీది. నడుమ గడచినవి ఇరువదియైదేండ్లు. ఈ ఇరువదియైదేండ్లలో గోదావరీ తీరమున బాలవితంతువులకు కొదువ లేదు. చట్టము తెలిసిన ప్లీడర్లకు కొదువ లేదు. బిడ్డ దుఃఖము చూచి కుమిలిన తల్లిదండ్రులకును కొదువ లేదు. అయినను శాసనము కాగితముమీదనే యుండిపోయినది. ఏల యనిన, మన సంస్కరణచరిత్రలు సాధారణముగా చెప్పు సమాధానము మూఢవిశ్వాసమను నొక్క మాట. ఆ మాట మాకు తృప్తి కలిగింపదు. విశ్వాసము మనస్సులో నుండును. ఈ ఆచారము మాత్రము వంటయింటిలో, నీళ్ళబిందెలో, పాడెమోయు నలుగురి భుజములలో నుండెను. చరిత్రను అచ్చటనే వెదకవలెను.

శాస్త్రవాదము సంగతి ముందు ముగించెదము. 1879 లో పంతులుగారు ఈ విషయమున నుపన్యసింపగా ఊరిలోని పండితులు గ్రంథములు విప్పిరి. పరాశరస్మృతిలో భర్త గతించిన స్త్రీకి పునర్వివాహము చెప్పబడినదని ఒక పక్షము. అది వాగ్దానముమాత్రము జరిగిన కన్యను గూర్చినదని యింకొక పక్షము. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఈ వాదమునంతయు అంతకు పూర్వమే నడపియుండెను. సంస్కృతము కొంత చదివినవారము గనుక మేమొక మాట చెప్పగలము: స్మృతులలో ఓపికతో వెదకినచో ఇరుపక్షములకును ప్రమాణము దొరకును. శ్లోకమువలన పెండ్లి యాగినదనుట ఎంత నిజమో, శ్లోకమువలన జరిగినదనుటయు నంతే నిజము.

ఇక వంటయిల్లు. నాటి బ్రాహ్మణ గృహమున వితంతువు స్థానమును గూర్చి కన్నీరు పెట్టించు వ్రాతలు చాల గలవు. శిరోముండనము, ఒంటిపూట భోజనము, తెల్లపంచె, చాపమీద నిద్ర, వేకువనే గోదావరిలో చన్నీటి స్నానము: ఇవన్నియు చదువరు లెఱిగినవే. అంతగా గమనింపబడని దొకటి కలదు. ఆ యింటి మడివంట అనేక కుటుంబములలో ఆమె చేతిమీదనే నడచుచుండెను. తల గొరిగించుకొనని వితంతువు చేతివంట శ్రోత్రియులు ముట్టరు. గొరిగించుకొన్న యామె చేతివంట పితృకార్యములకును పనికివచ్చును. తెల్లవారి బయలుదేరునప్పుడు ఆమె ఎదురైనచో ఇంటి యజమానుడు వెనుకకు మరలి కాళ్ళు కడుగుకొని కొంతసేపు కూర్చుండును. మధ్యాహ్న మాతడే ఆమె వండిన పప్పును, పులుసును కన్నులకద్దుకొని భుజించును. ఆమె ముఖ మమంగళము, ఆమె హస్తము పవిత్రము. ఈ రెండు మాటలును ఒక్క నోటినుండియే వచ్చుచుండెను, ఎవ్వరికిని వింతగా తోచలేదు.

వింత యనుకొనక ఆలోచించినచో ఇందొక పొందిక కనబడును. జీతము లేని వంటకత్తె, పురిటిండ్లకు పిలువగా పోవు సహాయురాలు, రోగుల మంచముకడ కాచియుండు పరిచారిక, తల్లిలేని పిల్లల పెంచు దిక్కు: ఇన్ని పనులు చేయు మనిషిని ఇల్లు విడిచిపోనిచ్చుట కెవరు సులభముగా ఒప్పుకొందురు? ఆమె మఱల పెండ్లాడినచో కుటుంబము కోల్పోవునది పరువు మాత్రమే కాదు. ఈ మాట నాటివారెవ్వరును పైకి అనలేదు, తమలో తామును అనుకొనియుండరు. ఆచారము బలపడుట కనుకొనవలసిన పనియును లేదు.

తొలి వివాహమున వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు కృష్ణామండలమునుండి రప్పింపబడిన గౌరమ్మగారు. నాలుగు దినములకే, డిసెంబరు 15 వ తేదీన, రెండవ వివాహము జరిగెను. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయము లేనిచో ఈ కార్యము సాగెడిది కాదు. ధనముతో కొనరానిది వేఱొకటి యుండెను. పంతులుగారి యింటి వంటవారు మానుకొనిరి, నీళ్ళు తెచ్చువారు మానుకొనిరి. పీఠాధిపతుల శ్రీముఖము వచ్చినది. తొలుత తోడు నిలిచినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని మరల పంక్తిలో కూర్చుండిరి.

వారిని పిఱికివారని నిందించుట సులభము. వెలి యనగానేమో తెలిసినవారు నిందింపరు. వెలిపడిన యింటికి పురోహితుడు రాడు, మంగలి రాడు, చాకలి రాడు. తద్దినమునకు భోక్తలు దొరకరు. ఎదిగిన కూతురున్నచో సంబంధము రాదు. అన్నిటికంటె పెద్దభయ మొకటి: ఇంట నెవరైన మరణించినచో శవమును మోయుటకు నలుగురుండరు. ఇందులో ఒక్కటియు నమ్మకమునకు సంబంధించినది కాదు. దేవుని నమ్మని ప్లీడరునకును తండ్రి శవము మోయువారు కావలెను. ఆచారమును నమ్మినవారు కొందఱు, నమ్మకయే పాటించినవారు పెక్కురు. ఫలమునం దిద్దఱికిని భేదము లేదు.

వంటవారును నీళ్ళవారును పోయినపిదప పంతులుగారి యింట పొయ్యి ఎట్లు రాజినది? వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందె ముంచి, ఇంటికి మోసి, పెండ్లివారికిని అతిథులకును వండి పెట్టిరి. ఉపన్యాసము పంతులుగారిది, వాదము పంతులుగారిది, పత్రికయు పంతులుగారిదే. నీరు మాత్ర మామెది. ఆ బిందె రేవునుండి యింటికి చేరకున్నచో ఉపన్యాసము లెన్ని యున్నను నాటి పంక్తి లేచెడిది కాదు. అటుపిమ్మట ఆ యింటి నాశ్రయించిన వితంతువులకును, పెండ్లియై నిలువ నీడలేని దంపతులకును అన్నము పెట్టినదియు నామెయే. పసితనమున పెండ్లియై ఆ యింట కాలుపెట్టి, 1910 లో కన్నుమూయువఱకును ఈ బరువు మోసిరి. మన చరిత్రకారు లామెను సహధర్మచారిణి యని యొక వాక్యముతో గౌరవించి ముందుకు సాగుదురు. వితంతువు పనిని కుటుంబ మెట్లు లెక్కింపలేదో, సంస్కర్త భార్య పనిని చరిత్రయు నట్లే లెక్కింపలేదని చెప్పక తప్పదు.

శాసనమునందును లోపము లేకపోలేదు. మరల పెండ్లాడిన వితంతువు తొలి భర్త యాస్తిపై హక్కు కోల్పోవునని ఆ శాసనమే విధించినది. ఇక బాలవితంతువు లంతమంది యేల యుండిరో తెలిసికొనగోరువారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకమునకు 1897 లో వ్రాయబడిన పీఠిక చూడవచ్చును. విజయనగర ప్రభువు ఆనంద గజపతిగారు విశాఖపట్టణ మండలములో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయింపగా అవి 1034 తేలినవి. వానిలో అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాదిపిల్లలు ముగ్గురు. అది పొరుగు మండలపు లెక్క యని మన గోదావరివారు సంతోషింప నక్కఱలేదు.

బాల్యవివాహములను నిషేధించు శారదాశాసనము 1929 లో పుట్టి, 1930 ఏప్రిల్ 1 వ తేదీనుండి అమలునకు వచ్చెను. బాలికకు పదునాలుగేండ్లు నిండవలెనని నియమము. అప్పుడు గోదావరి డెల్టాలో జరిగిన విచిత్రమును మన పిల్లలకు పాఠముగా చెప్పదగును. కాకినాడకు దక్షిణముగా, గౌతమీతీరమున యానాము కలదు. అది నాడు పరాసువారి పాలనలోని చిన్న యూరు. ఇంగ్లీషువారి చట్ట మచ్చట చెల్లదు. మన పెద్దలు పిల్లను, పిల్లవానిని, పురోహితుని, బాజాభజంత్రీలను వెంటబెట్టుకొని అచ్చటికి పోయి తాళి కట్టించి, మరల ఇంగ్లీషు సీమలోని తమ యింటికి వచ్చి గృహప్రవేశము చేయించిరి. ఊరికి కళ్యాణపురమను పేరే కలిగినది. సముద్రయానము చేసినవానికి ప్రాయశ్చిత్తము విధించిన ధర్మనిష్ఠాపరులకు, పెండ్లికై ఫ్రెంచి రాజ్యమునకు పోవుటలో దోష మేమియు కనబడలేదు! ఆ పెద్దలు క్రూరులని మేమనము. రజస్వల యైన పిదప పిల్లకు సంబంధము దొరకదేమో యను భయమే వారిని యానాము దారి పట్టించినది. ఆ భయమును తీర్చు నుపాయ మా చట్టములో లేదు.

మఱి ఆ కట్టుబాటు లెట్లు సడలినవి? వాదమున నోడి సడలినవని మేము నమ్మము. కాటన్ దొర ఆనకట్ట 1852 లో పూర్తియై నదీజలము కాలువల వెంట పొలములకు పాఱినది గాని బిందెలోని నీటికి కులము పోలేదు. తరువాత పట్టణములలో కొళాయిలు వచ్చినవి. కొళాయి తిప్పువాడు శ్రీముఖ మడుగడు. 1900 లో గోదావరిపై రైలువంతెన తెఱవబడినది. బండిపెట్టెలో ప్రక్కవా డెవడో తెలియదు, తెలిసినను దిగిపోవ వీలులేదు. కాఫీహోటళ్ళు వెలసినవి. కొడుకులు చదివి పరస్థలములలో జీతముల పుచ్చుకొనిరి. నెలజీతము వచ్చువానిని ఊరిపంక్తినుండి వెలివేసిన ఫలమేమి? వెలి యను నాయుధ మిట్లు మొక్కవోయినది. పంతులుగారి పలుకు వృథా యని యెవరును తలంపవలదు; ఆయుధము మొక్కవోయిననాడు బయటికి వచ్చుటకు కొందఱు సిద్ధముగా నుండిరన్నచో, అది ఆ పలుకువలననే.

అయిన నన్నియు సడలలేదు. 2006 నాటి శాసనము ప్రకారము ఆడుపిల్లకు పదునెనిమిదేండ్లు నిండనిది పెండ్లి కూడదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఇరువదికిని ఇరువదినాలుగేండ్లకును నడిమి స్త్రీలలో నూటికి 29 మంది ఆ వయస్సు నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది. ఇప్పుడు యానామునకు పోవ నక్కఱయు లేకపోయినది.

చదువుకొన్న మన కుటుంబములలో జరుగుచున్న దింకొకటి. ముండనము లేదు, తెల్లపంచె లేదు, మడివంటయు చాల యిండ్ల లేదు. తల్లి ఉద్యోగము చేసి, ఒంటిగా కూతురిని చదివించి, ఆ పిల్లకు సంబంధము తానే కుదుర్చును. పెండ్లిమండపము బాడుగ ఆమెయే చెల్లించును. వంటవారితో బేరమును, శుభలేఖల అచ్చును ఆమెవే. ముహూర్తము సమీపించును. కన్యాదానపు పీటలపై పినతండ్రి దంపతులు కూర్చుందురు. పేరంటాండ్రు పసుపుకుంకుమలతో ముందుకు వత్తురు. ఆ సమయమున తల్లి కొఱకు చూచినచో స్తంభము వెనుక, వంటశాల త్రోవలో కనబడును. పొమ్మని యెవ్వరును చెప్పలేదు. ఆమెయే పోయి నిలిచినది.