గోడ బయట కట్టెలు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1778 సెప్టెంబరులో, ఫోర్ట్ పిట్ దగ్గర డెలావేర్ తెగతో అమెరికన్లు ఒప్పందం రాసుకున్నారు. మీ యోధులు మాతో కలిస్తే, మీ ముసలివాళ్ళకీ ఆడవాళ్ళకీ పిల్లలకీ రక్షణగా కోట కడతాం అన్నారు. ఆ శీతాకాలమే జనరల్ మెకింటాష్ ఇప్పటి ఒహాయోలో, టస్కరావాస్ నది ఒడ్డున ఫోర్ట్ లారెన్స్ కట్టించాడు. అసలు గురి మాత్రం బ్రిటిష్‌వాళ్ళ డెట్రాయిట్. తిండి చాలక, కల్నల్ గిబ్సన్‌ని, ఓ నూటయాభైమందిని అక్కడ వదిలి వెనక్కి మళ్ళాడు.

గోడలదేముంది, కట్టెలు బయటే కదా! 1779 ఫిబ్రవరిలో కట్టెలకి వెళ్ళిన జట్టుని కోటకి కనిపించేంత దూరంలోనే మాటువేసి చంపారు. బ్రిటిష్ పక్షాన వచ్చిన వయాండాట్, మింగో యోధులు దాదాపు నెల్లాళ్ళు ముట్టడించారు. లోపలివాళ్ళు ఎద్దుతోళ్ళూ, తోలు చెప్పులూ ఉడకబెట్టుకు తిన్నారు.

మార్చిలో సరుకుల గుర్రాలు కనబడగానే ఆనందం పట్టలేక తుపాకులు పేల్చారు. గుర్రాలు బెదిరి, మోసుకొచ్చిన తిండిని అడవిపాలు చేశాయి. మొదట నవ్వాను. సర్వర్లు పడిపోయిన రాత్రుల్లో, నిద్రలేక, నేను కొట్టిన కమాండ్లు గుర్తొచ్చి నవ్వు ఆగింది.

ఆగస్టులో కోట వదిలేశారు. డెలావేర్లలో చాలామంది బ్రిటిష్ వైపు మొగ్గారు. 1781లో వాళ్ళ కొషాక్టన్ ఊరిని తగలబెట్టింది అమెరికన్ కల్నల్ బ్రాడ్‌హెడ్ సైన్యమే.