అద్దం తెచ్చిన దెయ్యం

వేదిక మీద లేని గాయకుడు కాంతిరూపంలో వచ్చి పాడటాన్ని కంప్యూటర్ యుగపు వింతగా చెప్పుకుంటున్నాం. దాని పుట్టుక మాత్రం 19వ శతాబ్దపు లండన్‌లో, ఒక గాజుపలక దగ్గర ఉంది. అప్పటి నుంచి ఇప్పటికి గాజు మారింది, దీపం మారింది, బొమ్మను తయారుచేసే పద్ధతి పూర్తిగా మారింది. ప్రేక్షకుణ్ణి కట్టిపడేసేది మాత్రం మారలేదు. ఇలాంటి మాయకు బలం బొమ్మ పరిమాణం నుంచి రాదు, ఆ బొమ్మకు జోడీగా నిలబడిన సజీవమైన మనిషి నుంచి వస్తుంది.

చీకట్లో భూతాలను చూపించడం అంతకుముందే ఉంది. 1790ల చివర్లో పారిస్‌లో రాబర్ట్‌సన్ అనే ప్రదర్శకుడు చక్రాల మీద నడిచే మ్యాజిక్ లాంతరుతో, దెయ్యాలు జనం మీదికి దూసుకొస్తున్నట్టు భ్రమ కల్పించాడు. అయితే ఆ దెయ్యానికి తెరే లోకం. నటుడి పక్కన నిలబడి అతని మీద కత్తి దూయడం దానికి చేతకాదు. లివర్‌పూల్‌లో పుట్టిన ఇంజనీరు హెన్రీ డర్క్స్ 1858లో అందుకు మార్గం ఆలోచించాడు. కానీ అతని పథకం ప్రకారమైతే ప్రేక్షకులు పైనుంచి కిందికి చూడాలి, అంటే నాటకశాలనే తిరగకట్టాలి. ఆ ఖర్చుకు యజమానులెవరూ సిద్ధపడలేదు. రాయల్ పాలిటెక్నిక్‌లో సైన్సు ఉపన్యాసాలిచ్చే జాన్ హెన్రీ పెప్పర్ ఆ చిక్కు విప్పాడు. గాజును ఏటవాలుగా వంచితే మామూలు వేదిక చాలన్నాడు. డికెన్స్ రాసిన 'ది హాంటెడ్ మ్యాన్'లోని ఘట్టంతో 1862 డిసెంబరు 24న దాన్ని చూపించాడు. ఆలోచన డర్క్స్‌ది అయినా 'పెప్పర్స్ ఘోస్ట్' అన్న పేరే స్థిరపడిపోయింది. డర్క్స్‌కు ఇది అన్యాయమేననిపిస్తుంది.

రాత్రిపూట రైలు కిటికీలో మన ముఖం బయటి చీకట్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది కదా, పెప్పర్ వాడుకున్నది ఆ సూత్రాన్నే. వేదిక ముందు భాగంలో పెద్ద గాజుపలక వాలి ఉంటుంది. దానికి కింద, ప్రేక్షకుల కంట పడని గోతిలో దెయ్యం వేషగాడు నిలబడతాడు. అతని మీద తీవ్రమైన వెలుగు పడగానే ప్రతిబింబం గాజు వెనక, నటుల నడుమ తేలుతుంది. వెలుగు తగ్గిస్తే దెయ్యం మాయం. ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లో రద్దయింది, గాజు చవకయింది. సున్నపు గడ్డను మంటలో కాల్చి పుట్టించే లైమ్‌లైట్ అప్పటికే నాటకాల్లోకి వచ్చేసింది. ఈ రెండూ లేకపోతే పెప్పర్ ఆలోచన కాగితం దాటేది కాదు. అయితే పరికరాలు సగం పనే చేశాయి. పైనున్న నటుడికి దెయ్యం కనిపించదు. ముందే గుర్తుపెట్టుకున్న చోట నిలబడి, ఖాళీ గాలిని చూసి హడలిపోవాలి. కింద ఉన్నవాడు అదే క్షణానికి చెయ్యెత్తాలి. దెయ్యాన్ని నమ్మదగినదిగా చేసింది గాజు కాదు, పైనున్న మనిషి ముఖంలోని భయం. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో పుట్టిన మన సురభి నాటకాలదీ వేరే సాంకేతికతతో ఇదే బాట: 'మాయాబజార్' చూసేవారికి తాళ్లూ తెరలూ ఉన్నాయని తెలుసు, ఘటోత్కచుడి గొంతు వినగానే ఆ సంగతి మరచిపోతారు.

2012 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా సంగీతోత్సవంలో, 1996లోనే చనిపోయిన ర్యాపర్ టూపాక్ ప్రత్యక్షమయ్యాడు. పత్రికలు దాన్ని హోలోగ్రామ్ అన్నాయి; నిజానికి అది పెప్పర్ ఉపాయమే. గాజు బదులు పల్చటి పారదర్శక ఫిల్మ్, గోతిలో వేషగాడి బదులు కంప్యూటర్‌లో తీర్చిన బొమ్మ. ఆ బొమ్మ పక్కన తోటి ర్యాపర్ స్నూప్ డాగ్ స్వయంగా నిలబడి పాడకపోతే అది వీడియో ప్రదర్శనగానే మిగిలేదని నా అభిప్రాయం. 2022 మే నెలలో లండన్‌లో మొదలైన 'ఆబా వాయేజ్' దీనికి ఇంకా గట్టి సాక్ష్యం. అక్కడ వాలుగాజు లేదు. ఆరున్నర కోట్ల పిక్సెళ్ల ఎల్‌ఈడీ తెర మీద ఆబా పాప్ బృందపు నలుగురు గాయనీ గాయకులు యౌవనంలో ఉన్నట్టు కనిపిస్తారు. అంత సాంకేతికత చేతిలో ఉన్న నిర్మాతలు పాటలన్నిటినీ రికార్డింగుతో నడిపించేయవచ్చు. అయినా పదిమంది వాద్యకారుల బృందాన్ని వేదిక మీద నిలబెట్టారు.

మనిషే లేని మాయలూ నెగ్గాయి కదా అని అడగవచ్చు. 1793లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో రాబర్ట్ బార్కర్ కట్టిన గుండ్రటి భవనంలో, చూపరుల చుట్టూ పరుచుకున్న పనోరమా చిత్రాలు దాదాపు 70 ఏళ్లు నడిచాయి. నిజమే. కానీ అవి దూరదేశాల నగరాలనూ యుద్ధరంగాలనూ చూపించి, వార్తల ఆకలి తీర్చేవి. సచిత్ర వారపత్రికలూ ఫొటోలూ వచ్చి ఆ పని అందుకున్నాక పనోరమాకు ఆదరణ తగ్గింది. ఇంతకంటే కష్టమైన ప్రశ్న 2020 ఏప్రిల్‌ది. ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ వీడియో ఆటలో ర్యాపర్ ట్రావిస్ స్కాట్ కచేరీ తొలి ప్రదర్శనకు ఒకేసారి కోటీ ఇరవై లక్షలకు పైగా జనం చేరారు. అక్కడ గాయకుడిది ముందే తయారైన భారీ బొమ్మ. అయితే చూసేవాళ్లు బొమ్మలు కారు. ఒక్కొక్కరూ తమ పాత్రను ఆడిస్తూ, అదే సమయంలో వచ్చిన ఇతరుల మధ్య గంతులేశారు. వేదిక మీది మనిషి లేని లోటును ప్రేక్షకులే పూడ్చారు. కాబట్టి నా వాదాన్ని కొంచెం సవరించుకోవాలి: బొమ్మకు బదులిచ్చే మనిషి వేదిక మీదే ఉండాలన్న నియమం లేదు, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

మరణించినవారిని ఇలా పిలిపించడం తప్పన్న అభ్యంతరం మిగిలే ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పెప్పర్ గోతిలోని వేషగాడు తన ఇష్టంతో చెయ్యెత్తాడు. టూపాక్‌ను ఎవరూ అడగలేదు, అడిగే వీలూ లేదు. ఆబా సభ్యులు మాత్రం డెబ్బై ఏళ్ల వయసుకు అటూ ఇటూగా ఉండి కూడా, ఐదు వారాల పాటు సెన్సర్ల దుస్తులు తొడుక్కుని కెమెరాల ముందు తమ పాటలను తామే పాడి, ఆడారు. తెర మీద కదిలే ఆ బొమ్మల వెనక వాళ్ల ఒళ్లు పడిన శ్రమ ఉంది, అంతకుముందు వాళ్ల ఒప్పుకోలు ఉంది.