మంచం పక్కన పుట్టిన చదువు

నాలుగేళ్లు చదివి, థియరీలో మంచి మార్కులు తెచ్చుకున్న ఫిజియోథెరపీ విద్యార్థులు వార్డులో మొదటి రోగి దగ్గరికి వెళ్లేసరికి ఎందుకు తడబడతారు? కాలేజీల్లో దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పిల్లలకు శ్రద్ధ తగ్గిందని కొందరంటారు, ఇంటర్న్‌షిప్ రోజులు చాలడం లేదని మరికొందరంటారు. రెండూ పూర్తిగా అబద్ధాలేమీ కావు. అయితే ఈ వృత్తి ఎక్కడ, ఎలా పుట్టిందో తిరగేసి చూస్తే అసలు లోటు ఇంకోచోట ఉందనిపిస్తుంది. ఈ విద్య రోగి మంచం పక్కన పుట్టింది. పుస్తకం, తరగతి గది ఆ తర్వాత వచ్చాయి. మన దగ్గర కాలేజీలు ముందు లేచాయి. విద్యార్థి పక్కన నిలబడి చెయ్యి సరిదిద్దే మనిషి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నారు. ఆ 'తర్వాత' చాలాచోట్ల ఇంకా రాలేదు. ఏలూరు జిల్లా చింతలపూడి లాంటి మెట్ట ఊరి నుంచి చూస్తే ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

1894లో లండన్‌లో నలుగురు నర్సులు మర్దన వృత్తివాళ్ల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. మసాజ్ పేరు చెప్పి నడిచే చీకటి వ్యాపారాల వల్ల తమకు చెడ్డపేరు వస్తోందన్నది వాళ్ల బాధ. అందుకే పరీక్షలు పెట్టారు, నియమాలు రాసుకున్నారు. 1920 నాటికి రాజశాసనం సంపాదించారు. వాళ్లంతా అప్పటికే ఆసుపత్రి పని ఎరిగినవాళ్లు, చేతనైన పనికే పాఠ్యక్రమం కట్టుకున్నారు. అమెరికాలో సంగతి ఇంకా స్పష్టం. కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా లెక్కగట్టడం ఇవాళ ప్రతి ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) విద్యార్థీ బట్టీపట్టే పాఠం. అంకెల రూపం తర్వాత స్థిరపడింది కానీ, మూలం బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ లోవెట్ పోలియో క్లినిక్. అక్కడ పనిచేసిన విల్‌హెల్మిన్ రైట్ పిల్లల కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే పట్టి చూసి, అవయవం తన బరువును తాను ఎత్తగలదా లేదా అన్నదాన్ని కొలబద్దగా తీసుకుని 1912లో ఆ పద్ధతిని ప్రచురించారు.

పుస్తకంలో అది అరపేజీ. చెయ్యబోతే తెలుస్తుంది అసలు కష్టం. బైకు మీంచి పడి భుజం నరం దెబ్బతిన్న కుర్రాణ్ని చెయ్యి పక్కకు ఎత్తమంటే, భుజాన్ని చెవిదాకా గుంజి, నడుముని అవతలికి వంచి, ఎలాగోలా కొంత ఎత్తేస్తాడు. విద్యార్థి మూడు అని రాసేస్తుంది. సీనియర్ వచ్చి ఒక అరచెయ్యి ఆ భుజం మీద ఆనించి, అదిమిపట్టి, "ఇప్పుడెత్తు బాబూ" అంటే చెయ్యి కదలదు. వెల్లకిలా పడుకోబెట్టి, పక్కమీదే జరపమంటే జరుగుతుంది. అంటే అది రెండు. ఆ ఒక్క అంకె తేడాతో మర్నాటి నుంచి చేయించాల్సిన వ్యాయామం మొత్తం మారిపోతుంది. ఈ తప్పు శ్రద్ధ లేక జరిగింది కాదు. సీనియర్ రాకపోతే ఆ విద్యార్థి ఇలాంటి కేసులు వంద చూసినా వందసార్లూ మూడే రాస్తుంది. రోజులు పెంచితే చాలుననే వాదన ఇక్కడే వీగిపోతుంది. సరిదిద్దేవాళ్లు లేని అనుభవం తప్పునే అలవాటు చేస్తుంది.

మన దేశంలోనూ దారి తీసింది పోలియోనే. బొంబాయిలో ఆ జబ్బు విరుచుకుపడ్డాక, 1950ల మొదట్లో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ వేలూరు. క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1948 నుంచి, కుష్ఠువ్యాధితో వంకర్లు పోయిన చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు చేశారు. కత్తి పని గంటల్లో అయిపోయేది. అసలు పని ఆ తర్వాత వారాల తరబడి సాగేది. ఒక కదలికకు అలవాటుపడిన కండరానికి ఇంకో కదలిక నేర్పాలి. పైగా ఆ చేతికి స్పర్శ ఉండదు, నొప్పి అని రోగి చెప్పలేడు. వేడి, ఎరుపు, వాపు చికిత్స చేసేవాళ్లే కనిపెట్టాలి. 1955లో మొదలైన కరిగిరి కుష్ఠు కేంద్రం ఈ పనికి ప్రత్యేకంగా టెక్నీషియన్లను తయారుచేసింది. వాళ్లు డిగ్రీలున్నవాళ్లు కారు, కానీ పక్కన సర్జను ఉండేవాడు. కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ నాయకత్వంలో 1966లో వేలూరులోనే పునరావాస కేంద్రం వెలిసింది.

తెలుగునేలలో చెయ్యి పట్టి నేర్పే ఆనవాయితీ లేదనలేం. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచీ పేరున్న పుత్తూరు కట్టు అలా తరతరాలుగా వచ్చిందే. అందులో చూపూ, చేతి స్పర్శా బాగా అబ్బుతాయి. వంకరగా అతికిన ఎముకల లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టరు కనుక, పొరపాటులోంచి పాఠం పుట్టదు. ఆసుపత్రి చదువు ఆ లోటు తీర్చాలి. హైదరాబాదులో 1964లో మొదలై తర్వాత నిమ్స్‌గా మారిన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రి లాంటి చోట్ల రోగులూ ఉన్నారు, అనుభవజ్ఞులూ ఉన్నారు. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చాక, దాని కింద ఫిజియోథెరపీ కాలేజీలు పెరిగాయి. నాలుగేళ్ల చదువు, చివర్లో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ అన్న చట్రం బిగిసింది. వార్డు చదువుకు తోకగా మారింది అక్కడే. పరీక్ష ఏది అడిగితే విద్యార్థి అదే నేర్చుకుంటాడు. స్కాట్లండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లోనే, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించి చూసే పరీక్ష పద్ధతిని ప్రచురించారు. మనం వైవాలో నిర్వచనాలు అడుగుతూ కూర్చుంటే చేతికి పని రాదు.

చింతలపూడి ఈ చరిత్రలోకి ఎందుకు రావాలి? పాఠ్యపుస్తకంలో లేని శరీరాలు ఇక్కడున్నాయి కనుక. ఆయిల్‌పామ్ తోటల్లో పొడవాటి గడకు కట్టిన కొడవలితో గెలలు కోసేవాడు పూటంతా తల వెనక్కి వాల్చి పైకే చూస్తాడు. కిందపడిన గెల పది పదిహేను కిలోల పైమాటే, దాన్ని వంగి ఎత్తాలి. అతని మెడనొప్పి కంప్యూటర్ ముందు కూర్చునేవాడి మెడనొప్పి కాదు. అటు కొల్లేరు వైపు చెరువుల మీద తడి బట్టలతో వలలు లాగేవాళ్ల నడుములది మరో కథ. మోకాలి సంగతే తీసుకుందాం. కుర్చీలోంచి లేవడానికీ, మెట్లెక్కడానికీ 90 నుంచి 110 డిగ్రీల వంపు సరిపోతుంది. పొలంలో గొంతుక్కూర్చుని కలుపు తీయాలంటే 130 దాటాలి. 110 దగ్గర 'కోలుకుంది' అని కేసు మూసేస్తే, ఆ మనిషికి కూలి పోయినట్టే. ఈ తేడా ఏలూరు వార్డులో తెలియదు. రోగి తిరిగి వెళ్లిన పొలం గట్టు మీద తెలుస్తుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. చిన్న ఊళ్లో పరికరాలుండవు, సీనియర్లుండరు, పిల్లల్ని అక్కడికి పంపితే పైన చెప్పిన తప్పులే ముదురుతాయి కదా అంటారు. పరికరాల మాట నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియా మారుమూల పల్లెల్లో నర్సుగా తిరిగిన ఎలిజబెత్ కెన్నీ, వేడినీళ్లలో ముంచి పిండిన ఉన్నిగుడ్డలతో పోలియో కండరాల పట్టు సడలించి, కదలిక నేర్పింది. కాళ్లకు చెక్కలు కట్టి నెలల తరబడి కదలనివ్వని ఆనాటి పద్ధతిని కదిలించింది ఆమే. 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేర సంస్థ వెలిసింది. అయితే సీనియర్ల మాటకు బలం ఇచ్చేదీ కెన్నీ కథే. తన చికిత్స ఎందుకు పనిచేస్తోందో ఆమె చెప్పిన శాస్త్రం చాలామట్టుకు నిలబడలేదు. చేతికి చూపు ఉన్నా, పక్కన ప్రశ్నించేవాళ్లు లేకపోతే అలాగే అవుతుంది. కనుక విద్యార్థి కంటే ముందు సీనియర్ బస్సెక్కాలి.

రెండో అభ్యంతరం విద్యార్థులదే. ఇంటర్న్ అంటే జీతం లేని పనివాడని, మిషన్లకు వైర్లు తగిలించి గంట కొట్టేదాకా కూర్చోబెట్టడమే శిక్షణ అని వాళ్ల ఫిర్యాదు. అది అన్యాయమైన ఫిర్యాదు కాదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన పాఠ్యక్రమం ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచింది. పర్యవేక్షణ మారకుండా కాలం మాత్రమే పెరిగితే ఆ ఫిర్యాదు కూడా రెట్టింపవుతుంది. ఏలూరులో 1999 నుంచి ఆశ్రమ్ వైద్య కళాశాల ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలా మొదలైంది. వార్డులకు కొరత లేదు. చింతలపూడి యాభై కిలోమీటర్లకు అటూఇటూ దూరం. అనుభవమున్న ఫిజియోథెరపిస్టు వారానికి రెండు రోజులు ఇద్దరు ముగ్గురు ఇంటర్న్‌లతో అక్కడి ఆసుపత్రికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం బడి పక్కన నడిచే భవిత కేంద్రానికి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. ఆ రెండు రోజులూ బోధన కింద లెక్కగట్టి కాలేజీ జీతమివ్వాలి. లాగ్‌బుక్‌లో ఇప్పుడు రోగుల సంఖ్య రాయించే చోట, విద్యార్థి మొదట వేసిన కొలత, సీనియర్ దిద్దిన కొలత పక్కపక్కన రాయించాలి.